మీటల పెట్టెకు సంచి, పదిహేడో పేజీ నుంచి

ప్రెస్సు, మడత విభాగం, రెండో బల్ల
సోమవారం, మధ్యాహ్నం బెల్లు కొట్టాక

అక్కా,

ద్రోహం జరిగింది. చేసినవాడు మన మామయ్య.

కూర్చుని చదువు. నిలబడి చదివితే కళ్ళు తిరుగుతాయి.

నిన్న ఆదివారం అదనపు పని ఉండి నేను ప్రెస్సుకి వచ్చాను. ఆ సమయం చూసుకుని మామయ్య ఇంటికొచ్చాడు. అమ్మ నవ్వుతూ తలుపు తీసిందట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? అల్మరా పై అరలో దిండు గలీబులో హాయిగా పడుకుని ఉన్న మీటల పెట్టెని, తాతయ్య నా చేతికిచ్చిన మెలోడియన్‌ని లేపాడు. దాని తిత్తి మూసి పట్టీ బిగించాడు. నిలువుగా నిలబెట్టాడు. చుట్టూ తువ్వాళ్ళు కుక్కి తన పనిముట్ల సంచిలో ఇరికించాడు. రెండు భుజాలకీ తగిలించుకుని సైకిలెక్కి తన రిపేరు షాపుకి పట్టుకుపోయాడు. రెండు గంటల తర్వాత తెచ్చి, పట్టీ అయినా విప్పకుండా, అలాగే నిలబెట్టి వెళ్ళిపోయాడు. ఎందుకురా అని అమ్మ అడిగితే "ఊరికే అక్కా, చిన్న పని పడింది" అన్నాడట. చిన్న పని!

సాయంత్రం నేను తీసి వాయించాను. ఎడమ చేతి కింద బొంగురు మీటలు నాలుగిట్లో మూడు గురక పెడుతున్నాయి. నాలుగోదానికి గురక పెట్టే ఓపిక కూడా లేదు. సరిగ్గా అప్పుడే తాతయ్య దిగాడు. ఇంకో అరగంట ఆలస్యంగా వస్తే ఆయన సొమ్మేం పోయింది?

"నలభై ఏళ్ళు ఒళ్ళో పెట్టుకుని పెంచాను. ఒక్కనాడు తుమ్మనివ్వలేదు. నీ చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు, ఉబ్బసం తెప్పించావా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు తీర్పు కూడా చెప్పేశాడు. వచ్చే నెలాఖరు ఆదివారం వచ్చి వింటాడట. బాగా పలికితే పెట్టె నాది. లేకపోతే మామయ్యది. మామయ్య కూడా చిన్నప్పుడు తాతయ్య దగ్గరే నేర్చుకున్నాడు కదా. అప్పట్నుంచీ దాని మీద కన్ను. ఇప్పుడు అర్థమైందా కుట్ర?

కాబట్టి నాకు సంచి కావాలి. నువ్వు కుట్టాలి. శాస్త్రం ప్రకారం కుట్టాలి. ఆ శాస్త్రం నా దగ్గరుంది. "మీటల పెట్టె: పోషణ, రక్షణ, రవాణా" అనే కరపత్రం నెల కిందట నా బల్ల మీదికొచ్చింది. మొత్తం ముప్ఫై రెండు పేజీలు. మా పద్ధతి నీకు తెలుసుగా, మొదటి పదహారు పేజీల కాగితం ఒకటో బల్ల పెద్దమ్మ మడుస్తుంది, పదిహేడు నుంచి ముప్ఫై రెండు నేను మడుస్తాను. రెండూ కింద కుట్టేవాళ్ళ దగ్గర కలుస్తాయి. ఒక బల్ల కాగితం ఇంకో బల్లవాళ్ళు ముట్టుకోకూడదు. అందుచేత లోకంలో ఏ కరపత్రాన్నయినా నేను పదిహేడో పేజీ నుంచే చదువుతాను. ఇక్కడ నా పేరే "పదిహేడు" అయిపోయింది. అననీ. మొదటి పదహారు పేజీలూ అనుమానాలున్నవాళ్ళ కోసం రాస్తారు. నాకు అనుమానాల్లేవు.

పదిహేడో పేజీ మొదట్లోనే నాలుగు సూత్రాలున్నాయి. తిత్తికి పట్టీ కట్టకూడదు, ఊపిరాడదు. పెట్టెను పడుకోబెట్టాలి, నిలబెడితే అలసిపోతుంది. సంచి వదులుగా ఉండాలి, లోపల గాలి తిరగాలి. పట్టీ ఒకటే ఉండాలి, ఒక భుజానికే తగిలించాలి.

చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇది పెట్టె గురించి కాదక్కా, మనుషుల గురించి.

మామయ్య నాలుగు సూత్రాల్నీ ఒకే ఆదివారం ఉల్లంఘించాడు. నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. నువ్వు కూడా ఖండిస్తూ వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు

*

సంచుల కార్ఖానా, కిటికీ పక్క మిషను
గురువారం

తమ్ముడూ,

కూర్చునే చదివాను. నా ఉద్యోగమే కూర్చుని చేసేది.

మామయ్య చేసిన ద్రోహాన్ని రెండుసార్లు చదివాను. పట్టీ బిగించాడు, నిలబెట్టాడు, చుట్టూ మెత్తగా కుక్కాడు, రెండు భుజాలకీ వేసుకున్నాడు. ఇందులో ద్రోహం ఏ మూల ఉందో నాకు దొరకలేదు. మా వరసలో వాళ్ళందరికీ చదివి వినిపించాను. వాళ్ళకీ దొరకలేదు. గుడ్డ కత్తిరించే బాబాయి ఒక్కడే కాస్త ఆలోచించి, "సైకిలు మీద వెళ్ళాడన్నావు కదమ్మా, గుంటలు చూసుకున్నాడో లేదో" అన్నాడు. నీ పక్షాన దొరికిన సాక్ష్యం అదొక్కటే.

పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇలాంటి గాలి పెట్టెలకి ముప్ఫై సంచులైనా కుట్టి ఉంటాను. నా మాట విను. మెలోడియన్ ఒళ్ళో ఎలా కూర్చుంటుందో సంచిలోనూ అలాగే కూర్చోవాలి. లోపల గాలి తగిలితే మోగే రీడ్ల మీద సన్నటి తోలు ముక్కలు అతికించి ఉంటాయి. పెట్టెను పడుకోబెడితే అవి కిందికి వేలాడి వంకర తిరుగుతాయి. అప్పుడు గాలి పక్క నుంచి జారిపోయి నీ గురక మొదలవుతుంది. తిత్తికి పట్టీ లేకపోతే దారిలో తెరుచుకుని మూలలు చిరుగుతాయి. సంచి వదులైతే పెట్టె లోపల అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇక ఒక్క భుజం పట్టీ అంటావా, అయిదు కేజీల బరువు రోజూ ఒకే భుజానికి వేస్తే ఏడాదికి నువ్వే పక్కకి ఒరిగి నడుస్తావు. పట్టీలు రెండుండాలి, వెడల్పుగా ఉండాలి, కింద గట్టి అట్ట ఉండాలి, జిప్పు పళ్ళు పెట్టెను గీరకుండా లోపల గుడ్డ మడత ఉండాలి. వాన తొడుగు నేను ఊరికే కుట్టిస్తాను.

తిత్తి మూసి, పట్టీ పెట్టి, అప్పుడు కొలువు. పొడవు, ఎత్తు, మందం. టేపుతో. జానలతో కాదు.

ఇంకో సంగతి. కొత్త సంచులు కూలబడిపోకుండా లోపల కుక్కడానికి మా దగ్గర చిత్తు కాగితం అయిపోయింది. మీ ప్రెస్సులో పాడైపోయిన కాగితాలుంటే ఒక కట్ట పంపించు.

కరపత్రం రాసినవాడెవడోగానీ ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకంలా ఉన్నాడు.

అక్క

*

ప్రెస్సు, రెండో బల్ల
మంగళవారం

అక్కా,

నువ్వు కూడానా?

సొంత అక్క, ఒకే కంచంలో తిన్న అక్క, బిగింపు పక్షానికి చేరిపోయిందని ఈ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. "పట్టీ బిగించు, నిలబెట్టు, ఇరికించు." ఈ మూడు మాటలూ ప్రపంచంలో ఎవరు ఎవరితో అంటారో ఒక్కసారి ఆలోచించు. మా మేనేజరు రోజూ మాతో అంటాడు.

నీ పదకొండేళ్ళ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ అనుభవం వేరు, అచ్చు వేరు. అచ్చులో ఉన్నదాన్ని ఒకడు రాశాడు, ఇంకొకడు దిద్దాడు, మూడోవాడు కూర్చాడు, నాలుగోవాణ్ణి నేను మడిచాను. నలుగురు చూసింది తప్పెలా అవుతుంది?

కొలతలు పంపుతున్నాను. తిత్తి పూర్తిగా తెరిచి కొలిచాను. స్వేచ్ఛగా ఉన్నప్పటి కొలతే దాని నిజమైన కొలత. ఒక చివర అమ్మ పట్టుకుంది, ఇంకో చివర నేను పట్టుకున్నాను, టేపు నోటితో పట్టుకున్నాను. "ఇదేం కొలతరా, బట్టలారేసే తాడుకి కొలుస్తున్నట్టు" అంది అమ్మ. ఆవిడకి సిద్ధాంతం తెలియదు. పొడవు మూడడుగుల పదంగుళాలు. గాలి తిరగడానికి రెండు వైపులా చెరో అరడుగు కలుపు. ఎత్తు అడుగు. మందం ముప్పావు అడుగు. పట్టీ ఒక్కటే. రెండో భుజం ఖాళీగా ఉండాలి. ఊరేగింపులో నినాదం ఇచ్చేటప్పుడు చెయ్యెత్తాలా వద్దా?

రెండు పట్టీల సంచి పంపావంటే వీధి మధ్యలో తగలబెడతాను. ముందే చెబుతున్నాను.

పెట్టె సంగతి అడక్కు. మామయ్య చేతి దెబ్బ ఇంకా తగ్గలేదు. రోజూ గలీబులో పడుకోబెట్టి విశ్రాంతి ఇస్తూనే ఉన్నాను, అయినా గురక కుడిచేతి మీటల్లోకి కూడా పాకింది. ఎంత లోతుగా దెబ్బ కొట్టాడో చూడు!

చిత్తు కాగితాల కట్ట వేరే పంపుతున్నాను. ఒకటో బల్ల దగ్గర పేరుకున్నవి. పెద్దమ్మ స్వయంగా కట్టి ఇచ్చింది. నేను లోపలికి చూడలేదు. నియమం నియమమే.

"ఎప్పుడైనా నా బల్ల వైపు కూడా ఓ చూపు చూడవయ్యా పదిహేడూ" అంటుంది పెద్దమ్మ. "నాకు ముగింపులు తెలిశాక మొదళ్ళతో పనేమిటి పెద్దమ్మా" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. ఎందుకో తెలియలేదు.

తమ్ముడు

*

సంచుల కార్ఖానా
శనివారం

తమ్ముడూ,

మా కార్ఖానాలో ఒక నియమం ఉంది. కొలతలు రాసిచ్చినవాళ్ళ కాగితాన్ని మేం దిద్దం. అది సంచికి గుచ్చి ఉంటుంది, దాని ప్రకారమే కత్తిరిస్తాం. నీ ఒక్కడికేనా నియమాలు? నాకూ ఉన్నాయి. నీ కాగితం గుచ్చాను, నీ కాగితం ప్రకారమే కుట్టాను.

కత్తిరించే బాబాయి గుడ్డ పరిచి, కొలిచి, మళ్ళీ కొలిచి, "అమ్మాయ్, దీన్ని వాయిస్తారా, దీంట్లో పడుకుంటారా?" అన్నాడు. మిషను మీద తిప్పడానికి ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. దగ్గర దగ్గర అయిదడుగులుంది. పట్టీ ఒకటే పెట్టాను. పార్సిలు పంపించాను.

ఒక్క ప్రశ్నకి మాత్రం తిన్నగా జవాబు చెప్పు. మామయ్య ఆ ఆదివారం పెట్టె తీసుకెళ్ళే ముందు, అది పై అరలో పడుకుని ఉన్న రోజుల్లో, నువ్వు ఎప్పుడైనా తీసి వాయించావా? వాయిస్తే ఎలా పలికింది?

అక్క

*

ఇల్లు, వంటింటి గట్టు మీద రాస్తున్నాను, బల్ల మీద సంచి ఉంది
బుధవారం

అక్కా,

సంచి అందింది. కుట్టు అద్భుతం. నీ చేతికి వంక లేదు. అయితే కొన్ని పరిశీలనలు.

నిన్న దాన్ని మొదటిసారి బయటికి తీసుకెళ్ళాను. గుమ్మం దాటడానికి పక్కకి తిరగాలి. పక్కకి తిరిగితే వెనక చివర అమ్మ నీళ్ళ బిందెకి తగిలింది. అది చిన్న విషయం. వీధిలో ముగ్గురు నన్ను ఆపి "ఇల్లు మారుతున్నావా?" అని అడిగారు. ఒకాయన నిచ్చెన అద్దెకిస్తావా అన్నాడు. అదీ చిన్న విషయమే.

బస్సులో అసలు సంగతి మొదలైంది. పెట్టె లోపల స్వేచ్ఛగా ఉంది కదా, మలుపు వచ్చినప్పుడల్లా ఈ చివర నుంచి ఆ చివరికి దొర్లుతోంది. దొర్లినప్పుడల్లా తిత్తి తెరుచుకుని దానంతటదే మూలుగుతోంది. కుడి మలుపుకి సన్నగా, ఎడమ మలుపుకి బొంగురుగా. రెండో మలుపుకి బస్సంతా నా వైపు తిరిగింది. కండక్టరు దగ్గరికొచ్చి సంచిని పైనుంచి కిందిదాకా చూసి, "లోపలున్నాయనకి టికెట్టు?" అన్నాడు. "లోపల ఎవరూ లేరు" అన్నాను. సరిగ్గా అప్పుడే సంచి మూలిగింది. ఒక ముసలావిడ సీటులోంచి లేచి, "పాపం, ఎవరు నాయనా? ఆసుపత్రికేనా?" అంటూ సంచి మీద నీళ్ళు చిలకరించింది. ఇంకో ఇద్దరు చెరో చివరా పట్టుకుని దించడానికి సాయం చేశారు. నాకు మెలోడియన్ సిద్ధాంతం వివరించే అవకాశమే దొరకలేదు.

వాళ్ళు దించిన స్టాపు దగ్గరే మామయ్య షాపు. ట్యూబుకి పంక్చరు వేస్తూ తలెత్తి చూశాడు. నవ్వనైనా నవ్వలేదు. లేచి వచ్చి, వెనక చివర ఎత్తి పట్టుకుని, ఇంటిదాకా నాతో నడిచాడు. దారిలో ఒక్కమాటే అన్నాడు, "భుజం నొప్పిగా ఉందా?" లేదన్నాను. ఈ రోజు నేను మెడ తిప్పలేకపోతున్నాను. శత్రువులో ఈ రకం సౌమ్యత చాలా ప్రమాదకరమని ఒక కరపత్రంలో చదివాను, ఇరవై రెండో పేజీలో.

తిత్తి మూల ఒకటి చిరిగింది. ఇప్పుడు మొత్తం అయిదు మీటలు మూగబోయాయి. తాతయ్య రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులే.

నీ ప్రశ్నకి జవాబు. అది ఇక్కడ అప్రస్తుతం. నేను వాయించానని ఎవరన్నారు? వాయించలేదని ఎవరన్నారు? ఇలాంటి ప్రశ్నలు ఉద్యమాన్ని పక్కదారి పట్టిస్తాయి.

తమ్ముడు

*

సంచుల కార్ఖానా, కిటికీ పక్క మిషను
శుక్రవారం

తమ్ముడూ,

ఈ ఉత్తరం నాలుగు రోజుల కిందటే రాయాల్సింది. నువ్వు సగం చదివి అంత సంతోషంగా ఉన్నావు, మిగతా సగం నీ మీద పడెయ్యడానికి నాకు చేతులు రాలేదు. కానీ మెడ తిరగట్లేదని రాశావు. ఇక ఆగను.

నువ్వు పంపిన చిత్తు కాగితాల్ని సోమవారం సంచుల్లో కుక్కుతున్నాం. నా పక్క మిషను పిల్ల ఒక కాగితం విప్పి, "అక్కా, మీ తమ్ముడి పెట్టె గురించే ఉంది ఇందులో" అంది. నీ కరపత్రమే. ఒకటో బల్ల కాగితం. పదహారో పేజీ ఇందులో పెట్టి పంపుతున్నాను. అడుగున ఉన్న అయిదు వరసలు చాలు:

"మీటల పెట్టెల విషయంలో జనంలో పాతుకుపోయిన తప్పుడు నమ్మకాలు నాలుగున్నాయి. ఎదుటి పేజీలో వాటిని ఉన్నవున్నట్టు ఇస్తున్నాము. పాఠకులు వీటిలో ప్రతి ఒక్కదానికీ సరిగ్గా ఎదురు చేసినట్లయితే పెట్టె వందేళ్ళు బతుకుతుంది. వీటినే పాటించినట్లయితే రెండు నెలలు."

రెండు నెలలు ఎప్పటికి నిండుతాయో నువ్వే చూసుకో.

చదివి చించెయ్యకు. ఇంకో కాగితం కూడా పెట్టాను, ట్యూబు అతుకుల డబ్బా అట్ట వెనక రాసింది. మామయ్యది. నీ మొదటి ఉత్తరం కంటే ఒక రోజు ముందు రాసి పోస్టు చేశాడు. వాడికి చెప్పొద్దన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంచాను. ఇలా రాశాడు:

"అమ్మడూ, మన పదిహేడుగారు తాతయ్య పెట్టెను దిండు గలీబులో మోస్తున్నారు. మంచి సంచి ఒకటి కుట్టు, గట్టి అడుగు, రెండు పట్టీలు. వాడు లేనప్పుడు షాపుకి తెచ్చి కొలిచాను. మూసి, పట్టీ పెట్టి, పొడవు పదకొండంగుళాలు, ఎత్తు పదకొండున్నర, మందం ఏడున్నర. అప్పటికే బొంగురు మీటలు ఆయాసపడుతున్నాయి, పడుకోబెట్టి పాడు చేశాడు పాపం. నేనేమీ అనలేదు. అంటే కరపత్రం తీస్తాడు. నేను చెప్పానని చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు. మామయ్య."

ఇదీ ఆ "చిన్న పని". మామయ్య సంచి ఎప్పుడో తయారైంది. రెండు పట్టీల సంచి వస్తే తగలబెడతానన్నావు కదా, అందుకే ఇక్కడ మేకుకి వేలాడుతోంది.

ఇప్పుడే లేచి వెళ్ళు. పెట్టెను అరలోంచి దించు. తిత్తి మూసి పట్టీ పెట్టు. ఒళ్ళో కూర్చున్నట్టు నిలబెట్టు. నాకు తర్వాత రాద్దువుగానీ. ముందు వెళ్ళాల్సిన చోటు సైకిలు షాపు.

అక్క

*

సైకిలు షాపు, గాలి పంపు పక్కన
గురువారం

అక్కా,

వారం ఆలస్యంగా రాస్తున్నాను. సిగ్గు తగ్గడానికి అంత టైము పట్టింది.

పదహారో పేజీ మొదట నిలబడి చదివాను. కళ్ళు తిరిగాయి. కూర్చుని మళ్ళీ చదివాను.

నీ ప్రశ్నకి జవాబు చెబుతాను. వాయించాను. మామయ్య రావడానికి పది రోజుల ముందు, ఒక గురువారం పొద్దున పనికి వెళ్ళబోతూ గలీబులోంచి తీసి ఒక్క పాట మొదలుపెట్టాను. మూడో మీట దగ్గర గురక వినబడింది. మళ్ళీ గలీబులో పెట్టేసి, విననట్టే పనికి వెళ్ళిపోయాను. ఆ పది రోజులూ మళ్ళీ ముట్టుకోలేదు. దొంగకి తేలు కుట్టినట్టు తిరిగాను. మామయ్య తీసుకెళ్ళాడని అమ్మ చెప్పగానే నాకు కోపం రాలేదక్కా. హమ్మయ్య అనిపించింది. తప్పు మోయడానికి ఒక మనిషి దొరికాడు, అదీ రెండు భుజాలతో. కోపం తర్వాత తెచ్చుకున్నాను, నీకు ఉత్తరం రాస్తూ.

శనివారం పెట్టెను పట్టీ బిగించి, నిలువుగా, రెండు చేతుల్లో చంటిపిల్లలా పట్టుకుని షాపుకి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. "మామయ్యా, చారిత్రక తప్పిదం" అని మొదలుపెట్టాలనుకున్నాను. మామయ్య చక్రం తిప్పుతూ నా వైపు చూసి, "రా పదిహేడూ, ఆ స్టూలు మీద పెట్టు. పదహారు చదివావా?" అన్నాడు.

పెట్టెను స్టూలు మీద పెట్టి తలూపాను.

"తప్పు నీది కాదురా, బల్లది" అన్నాడు.

"కాదు మామయ్యా, నాదే. పెద్దమ్మ నాలుగేళ్ళుగా చూడమంటూనే ఉంది" అన్నాను.

"సరే అయితే నీదే. ఆ స్క్రూడ్రైవరు అందుకో" అన్నాడు.

అయిదు సాయంత్రాలు పట్టింది. వంకర తిరిగిన తోలు ముక్కల్లో చాలావాటిని మామయ్య వేలితో మెల్లగా సరిచేశాడు. పూర్తిగా చచ్చిపోయిన మూడింటి బదులు అత్తయ్య పాత తోలు గ్లౌజు కత్తిరించి అతికించాడు. అత్తయ్య రెండో గ్లౌజు దాచేసుకుంది. తిత్తి మూలకి ట్యూబు అతుకు వేశాం. దాని మీద "గాలి పోదు, హామీ" అని కంపెనీ అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి, తాతయ్య చూడకుండా ఆ వైపు నా ఛాతీకి ఆనించి వాయిస్తాను. బొంగురు మీటలు నాలుగూ పలుకుతున్నాయి. కుడిచేతి వైపు ఒక్కటి మాత్రం మొహమాటపడుతోంది. దాన్ని తప్పించి వెళ్ళే పాట ఒకటి మామయ్య నేర్పిస్తున్నాడు. అక్కా, మామయ్య నాకంటే బాగా వాయిస్తాడు. ఈ మాట రాయడానికి మూడుసార్లు కలం కింద పెట్టాను.

"మరి నీకు పెట్టె వద్దా?" అని అడిగేశాను. చెయ్యి తుడుచుకుంటూ అన్నాడు, "కావాలి. ఎందుకు వద్దు? చిన్నప్పట్నుంచీ కావాలి. అందుకే అది పాడైపోతుంటే చూడలేక సంచి కుట్టించాను. ఎవడి ఒళ్ళో ఉన్నా పలకాలి కదరా."

ఈ వాక్యం ఏ కరపత్రంలోనూ లేదు. పదిహేడుకి ముందూ లేదు, తర్వాతా లేదు.

సంచి నిన్న అందింది. తగలబెట్టలేదు. జిప్పు తీసి పెట్టెను దించితే "హూ" అని చిన్న ఊపిరి వదిలి కూర్చుంది, ఇంటికొచ్చిన మనిషిలాగా. కదిపి చూశాను, కదల్లేదు. రెండు పట్టీలూ వేసుకుని వీధి చివరిదాకా నడిచాను. ఒక్కరూ నిచ్చెన అడగలేదు. పైగా రెండు చేతులూ ఖాళీ! పట్టీ ఒకటే ఉన్నప్పుడు ఒక చేత్తో నినాదం, ఇంకో చేత్తో సంచి పట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు చేతులూ ఎత్తవచ్చు. ఇది ఎవరూ నాకు ముందే ఎందుకు చెప్పలేదు?

నువ్వు చెప్పావులే.

సంచి కూలబడకుండా నువ్వు కుక్కిన చిత్తు కాగితాలు కావాలనే ఏరి పెట్టావని అర్థమైంది. అన్నీ ఒకటో బల్లవే, పన్నెండు కరపత్రాల మొదటి పదహారు పేజీలు. నిన్నట్నుంచీ అవే చదువుతున్నాను. నేను నాలుగేళ్ళుగా సమర్థిస్తున్న వాటిలో మూడింటికి నేను శత్రువునట. ఒకటేమో అసలు పోరాటం గురించే కాదు, కోళ్ళ పెంపకం.

పెద్దమ్మతో మాట్లాడాను. ఇకనుంచి మధ్యాహ్నం బెల్లు కొట్టాక ఆవిడ ఒకటో కాగితం, నేను రెండో కాగితం ఎదురెదురు కూర్చుని పైకి చదువుకుంటాం. నాలుగేళ్ళుగా ఆవిడకి ఒక్క కథ ముగింపూ తెలియదట పాపం.

తాతయ్య వచ్చేది ఆదివారం. కింద ఉన్నది ప్రకటన. నేనే రాశాను, ప్రెస్సువాళ్ళు ఒకే పేజీలో వేశారు, మడత లేకుండా. తాతయ్యకి ఒకటి, అమ్మకి ఒకటి, బస్సు స్టాపులో ఒకటి, షాపు తలుపు మీద ఒకటి. ఇది నీది.

తమ్ముడు

ప్రకటన

బంధువులారా, మిత్రులారా, బస్సులో నీళ్ళు చిలకరించిన అమ్మమ్మగారూ!

ద్రోహం జరిగింది. చేసినవాడు నేను. తాతయ్య నలభై ఏళ్ళు కాపాడిన మెలోడియన్‌ని నెలన్నర పడుకోబెట్టి, విప్పి, దొర్లించి, ఆ నేరాన్ని మామయ్య భుజాల మీద వేశాను. మామయ్య నిర్దోషి. ఆయన చేసినదల్లా పెట్టెను టేపుతో కొలవడం.

ఈ ఆదివారం సైకిలు షాపు ముందు తాతయ్య తీర్పు చెబుతారు. మొదట మామయ్య వాయిస్తారు, తర్వాత నేను. పెట్టె ఎవరి ఒళ్ళో ఉండాలని తాతయ్య అంటే వాళ్ళ ఒళ్ళోనే ఉంటుంది. ఎవరిదైనా సంచి మాత్రం అదే. రెండోవాళ్ళు అలగకూడదని నాకు నేనే తీర్మానం చేసుకుని సంతకం పెట్టాను. కూర్చోవడానికి పాత సంచి విప్పి పరుస్తాం, అయిదడుగులుంది, పిల్లలైతే ఆరుగురు పడతారు. తాతయ్యకి కుర్చీ ఉంది. అక్క మధ్యాహ్నం బస్సులో రావాలి, రాకపోతే ఖండిస్తాను.

సాయంత్రం సరిగ్గా అయిదు గంటలకు. రైల్వే గడియారం లెక్కన పదిహేడు గంటలు. కానీ దయచేసి ఎవరూ పదిహేడుకి రాకండి. ఓ పది నిమిషాలు ముందే వచ్చి కూర్చోండి. మొదటి నుంచీ వినాలి.